మా అత్త పాలు మానిన చోటు

మొన్న మా తమ్ముడి మనవడి పెళ్ళికి నెల్లూరు వెళ్ళాను. భోజనాల హాల్లో అందరికీ వరసగా బల్లలు వేసి, ఒక మూల మాత్రం విడిగా చిన్న బల్ల పెట్టి, దాని మీద 'వీగన్' అని రాసిన అట్టముక్క నిలబెట్టారు. అదేమిటా అని కళ్ళజోడు సవరించుకుని చూస్తుంటే, బెంగుళూరులో ఉద్యోగం చేసే మా చెల్లెలి మనవరాలు నా చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకుపోయి, అరగంట సేపు నాకు ఉపదేశం చేసింది. ఇదివరకు తను శాకాహారి మాత్రమేనట, ఇప్పుడు పాలు, పెరుగు, నెయ్యి, చివరికి తేనె కూడా ముట్టదట. బాదంపప్పు నానబెట్టి పిండిన తెల్లటి నీళ్ళకు పాలని పేరు పెట్టుకుని కాఫీలో పోసుకుంటుందట. జంతువుల బాధ తలచుకుంటే నిద్ర పట్టదని కళ్ళు తుడుచుకున్న ఆ పిల్ల ఒంటి మీద కంచిపట్టు చీర, భుజాన తోలుసంచి. పట్టు ఎవరి ప్రాణం తీస్తే వస్తుందో, ఆ సంచి ఏ పశువు ఒంటి మీదిదో ఆమెకు ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు, పెళ్ళివారి ఇంట్లో నేను చెప్పడం బాగుండదని ఊరుకున్నాను. "మన ఇళ్ళల్లో ఇలాంటి ఆలోచన ఎవరికీ రాలేదు అమ్మమ్మా" అని ఆ పిల్ల నన్ను జాలిగా చూసినప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండింది.

వచ్చింది. మా మేనత్తకు వచ్చింది, పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్తల్లోనే. నా వయసు వాళ్ళైన మీకు ఆనాటి ఇళ్ళు ఎలా ఉండేవో నేను చెప్పనక్కర లేదు గనుక, ఈ సంగతి మీకే చెప్పుకుంటాను.

మా ఊరు విడవలూరుకు తూర్పున, గాలి అటు తిరిగితే సముద్రం హోరు వినపడేంత దగ్గర. ఊరికి పడమట వరిమళ్ళు, తూర్పున ఇసుక నేల, సరుగుడు తోపులు, ఆవల వేట మీద బతికేవాళ్ళ పాళెం. నాన్నగారికి మంచి మాగాణి ఉండేది, దానికంటే పెద్దదిగా మా ఇంటికి శాకాహారపు గర్వం ఉండేది. పాళెం నుంచి చేపలగంపలు మా వీధిలోకి వస్తున్నాయంటే మా అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తలుపు మూసేది, గంప దాటిపోయాక గడప ముందు పేడనీళ్ళు చల్లేది. నేనూ తక్కువ తినలేదు. బడిలో పాళెం పిల్ల పక్కన కూర్చోవలసి వస్తే మధ్యలో పలక నిలబెట్టుకునేదాన్ని, ఆ పిల్ల ముఖం చిన్నబోవడం చూసి సంతోషపడేదాన్ని కూడా. నాన్నగారు సాయంత్రాలు అరుగు మీద కూర్చుని వచ్చేపోయే రైతులకు అహింస గురించి చెప్పేవారు. ఒక ప్రాణికి హాని చెయ్యకుండా పుట్టి పెరిగిన వంశం మాదని చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఒక రకమైన నెయ్యి ఉండేది.

మా అత్త నాన్నగారికి అక్క. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి తిరిగి వచ్చి, తల్లిలేని మా నాన్నగారిని తనే ఎత్తుకు పెంచింది, ఆయన పెద్దవాడయ్యాక ఆయన ఇంట్లోనే ఒదిగి ఉండిపోయింది. బర్రెలు, పాలు, పెరుగు, వెన్నా అంతా ఆమె చేతి మీద నడిచేది. మధ్యాహ్నం ఒక్కపూటే ఆమెకు అన్నం. రాత్రి వేళ ఇలాంటి ఆడవాళ్ళకు కొన్ని ఇళ్ళల్లో బియ్యపురవ్వతో ఉప్పుడుపిండి చేసి పెట్టేవారు గాని, మా ఇంట్లో తాతల నాటి నుంచీ గ్లాసుడు పాలే రాత్రి ఆహారం. ఆమెకు పాలంటే మహా ఇష్టం. దీపాలు పెట్టే వేళకు వంటింటి గడపలో కూర్చుని, గ్లాసు మీద కట్టిన మీగడ వేలితో తీసి నోట్లో పెట్టుకుని, తర్వాత తీరిగ్గా తాగేది. రోజు మొత్తం మీద ఆమె తన కోసం చేసుకునే పని అదొక్కటే.

ఆ ఏడు మా నల్లబర్రె ఈనింది, దున్నదూడ పుట్టింది. పెయ్యదూడ అయితే పెరిగి పాలిస్తుంది, దున్నదూడ మా నాన్నగారి దృష్టిలో వట్టి దండగ. దాన్ని తల్లి దగ్గరకు విడిచి, బర్రె చేపి పొదుగులోకి పాలు దిగగానే లాగి కట్టెయ్యమని ఆయన ఆజ్ఞ. దూడ ముట్టె తడిసేదే గాని కడుపు నిండేది కాదు. దాన్ని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, అహింస చక్కగా సాగింది, నెల తిరగకముందే దూడ చచ్చిపోయింది. దూడ లేకపోతే బర్రె పాలు చేపదు గనుక, తోళ్ళపని చేసే అతన్ని పిలిపించి దాని చర్మం ఒలిపించి, లోపల వరిగడ్డి కూరి కుట్టించి, నాలుగు కర్రలు కాళ్ళుగా గుచ్చి బొమ్మదూడను నిలబెట్టారు. దాని మీద ఉప్పునీళ్ళు చల్లి బర్రె మూతి దగ్గర పట్టుకుని నిలబడటం నా పని, పాలు పిండటం అత్త పని. బర్రె దాన్ని నాకుతూ చేపేది, మేమిద్దరం మాట్లాడకుండా మా పని చేసుకునేవాళ్ళం.

అలా కొన్నాళ్ళు గడిచాక, ఒకరోజు పొద్దున ఆ నాకుడుకు బొమ్మదూడ పొట్ట దగ్గర కుట్టు ఊడింది. లోపలి గడ్డి కొంచెం బయటికి వచ్చింది. బర్రె కాసేపు వాసన చూసి, ఆ గడ్డి పీకి నమలడం మొదలుపెట్టింది. నాకు నవ్వొచ్చి, చూడు అత్తా, కొడుకును తింటోంది అన్నాను. అత్త చేతులు ఆగిపోయాయి. సగం నిండిన చెంబు పక్కన పెట్టి చాలాసేపు బర్రెనే చూస్తూ కూర్చుంది. మళ్ళీ పిండటం పూర్తి చేసి, పాలు వంటింట్లో పెట్టి, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళింది.

ఆ రోజు నుంచి ఆమె పాలు తాగలేదు. మజ్జిగ పోసుకోలేదు, నెయ్యి వడ్డించుకోలేదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. మధ్యాహ్నం చారన్నంతో లేచిపోయేది. రాత్రి గ్లాసు మాత్రం మా అమ్మ ఎప్పటిలాగే గడపలో పెట్టేది, అత్త అటూ ఇటూ చూసి దాన్ని నా చేతికి ఇచ్చేది. నేను మీగడతో సహా తాగేదాన్ని. ఇంట్లో అందరూ ఆమె తాగుతున్నదనే అనుకున్నారు. నాకు పదకొండేళ్ళు, ఆ గ్లాసే ఆమె రాత్రి భోజనమని తెలియని వయసేమీ కాదు. ఒకసారి మాత్రం నేనూ మానెయ్యనా అని అడిగాను. "నీకెందుకే, నీది ఆకలేసే వయసు, తాగు" అని నా మూతి మీద అంటిన పాలు కొంగుతో తుడిచింది.

రెండు నెలలయ్యేసరికి బావి దగ్గర నీళ్ళు తోడుతూ అత్త కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పుడు అసలు సంగతి బయటపడింది. నాన్నగారు వచ్చి ఎదురుగా నిలబడ్డారు. "పాలు నాకు దిగడం లేదురా అబ్బాయ్, రాత్రికి పిడికెడు రవ్వ ఉడకేసుకుంటాను" అని ఆమె అడిగిన తీరు నాకిప్పటికీ చెవుల్లో ఉంది, తను పెంచిన పిల్లవాణ్ణి అడిగినట్టు లేదు. మా ధాన్యపు గాదెలు పైదాకా నిండి ఉన్న రోజులవి. ఆయన వీల్లేదన్నారు. రవ్వ పోతుందని కాదు. ఆమెకు వేరే తిండి పెడితే దూడ సంగతి ఒప్పుకున్నట్టవుతుంది, అహింస చెప్పే ఇంట్లో ఆడది పాలకు అసహ్యపడి మానేసిందని ఊళ్ళో తెలుస్తుంది. వ్రతమైతే పెట్టవచ్చు గాని, కోపానికి పెట్టకూడదని ఆయన తీర్పు.

ఆ తీర్పులోనే ఆయనకు దారి దొరికింది. కాశీకి వెళ్ళినవాళ్ళు ఇష్టమైన కాయో పండో తిండో గంగ దగ్గర వదిలిరావడం మన ఆచారం కదా. అక్కయ్యను కాశీ తీసుకుపోతే, అక్కడ ఆమె పాలు వదిలితే, ఇక అది పుణ్యం, దాన్ని ఎవరూ ప్రశ్నించరు. పిడికెడు రవ్వ పెట్టడానికి మనసు రాని మనిషి ఆమెను రైలెక్కించి గంగ దాకా తీసుకుపోయారు. తను సీతాఫలం వదిలి వచ్చారు, మా ఇసుక నేలలో అది దొరికిందీ లేదు, ఆయన అడిగి తిన్నదీ లేదు. అత్త ఏం వదిలిందో ఆయన అడగలేదు, అడగవలసిన అవసరం కనపడలేదు. తిరిగి వచ్చిన రాత్రే మా అమ్మ ఉప్పుడుపిండి చేసి పెట్టింది, అత్త చివరి మెతుకు దాకా తినింది. అంత ఇష్టంగా ఆమె తినడం నేను అంతకుముందు చూడలేదు.

మూడోనాడు కాశీ సమారాధన. బుచ్చిరెడ్డిపాలెం నుంచి కూడా చుట్టాలు వచ్చారు. మా అక్కయ్య పాలు, పెరుగు గంగలో వదిలేసిందని నాన్నగారు పంక్తి పంక్తికీ చెప్పుకుంటూ తిరిగారు. ఆడవాళ్ళు వచ్చి ఆమె కాళ్ళకు దణ్ణాలు పెట్టారు. పెరుగు వడ్డించే వేళకు, వరసకు వదిన అయ్యే ఒక ముసలావిడ అందరూ వినేటట్టు అడిగింది. "అంత ఇష్టమైన పాలు ఎట్టా వదలబుద్ధయిందమ్మా నీకు?"

గంగమ్మ దయ అంటే చాలు, బతికినన్నాళ్ళూ అత్తకు రాత్రి తిండి ఉంటుంది, అది ఆమెకు తెలుసు.

"కాశీలో నేను వదిలింది కాకరకాయ వదినా. పాలు మా కొట్టంలో వదిలినాను. దూడకి పాలియ్యకుండా చంపినాం, దాని తోల్లో గడ్డి కూరి తల్లి ముందర నిలబెట్టినాం. ఆ పాలు నాకు గొంతు దిగలా. గంగమ్మ పేరు చెప్పి అబద్ధమాడలేను."

గొంతు పెంచలేదు, కోపం లేదు, కూరలో ఉప్పు ఎంత వేశారో చెప్పినట్టు చెప్పింది. నాన్నగారు పెరుగు గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డారు. కాసేపటికి ఎవరో దగ్గారు, ఆయన మళ్ళీ వడ్డించడం మొదలుపెట్టారు. అంత మందిలో ఒక్కరు కూడా పెరుగు వద్దని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టలేదు. నేనూ పెట్టలేదు, రెండోసారి అడిగి వేయించుకున్నాను.

ఆ రాత్రి నుంచి ఉప్పుడుపిండి ఆగిపోయింది. గడపలో మళ్ళీ పాలగ్లాసు పెట్టారు, తాగినా మానినా అదే పెడతామన్నట్టు. మళ్ళీ నేనే తాగాను. మా అమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది. నాలుగేళ్ళు అత్త ఆ ఒక్కపూట అన్నంతోనే నెట్టుకొచ్చింది, బర్రెలు పిండుతూ, మా అందరికీ వెన్న చిలికి పెడుతూ. చివరికి ఒక వానాకాలం జ్వరం వచ్చి, తట్టుకునే శక్తి లేక పోయింది. పదోరోజున, పోయినవాళ్ళకు ఇష్టమైనవి పెట్టాలి గదా అని, మా అమ్మ మీగడ కట్టిన పాలగ్లాసు తెచ్చి విస్తరి పక్కన పెట్టింది. వదినకు పాలంటే ప్రాణమని ఏడ్చింది కూడా, ఆ ఏడుపు నిజమే. నాకు పదిహేనేళ్ళు. ఆ గ్లాసు తీసెయ్యమని అనవలసింది నేనొక్కదాన్నే, అనలేదు.

ఇప్పుడు ఆ కొట్టం లేదు. మా తమ్ముడి కొడుకులు మాగాణి తవ్వించి రొయ్యల గుంటలు చేశారు, నోట పెట్టుకోవడం లేదు కదా అంటారు, వాళ్ళ ఇళ్ళల్లో ఇప్పటికీ ఉల్లిపాయ కూడా రాదు. పాలు ప్యాకెట్లో వస్తాయి, ఏ బర్రెవో, దాని దూడ ఏమైందో ఎవరికీ తెలియదు, చూడవలసిన పనీ లేదు. ఈ రోజుల్లో పాలు ఎవరు మానినా పస్తు పడుకోనక్కర లేదు, అదొక్కటి మాత్రం మంచి మార్పే, మా అత్త కాస్త ముందు పుట్టింది. నేను ఆమె కంటే ఎక్కువే బతికాను, మేలైన తిండే తిన్నాను. ఆమె సంగతి తలుచుకోని రోజు లేదంటే మీరు నమ్మవచ్చు. రాత్రి పడుకునే ముందు గ్లాసుడు పాలు మాత్రం ఇప్పటికీ తాగుతాను.