మొదటి ఆర్డర్ డోర్‌మ్యాట్

2024 ఆషాఢమాసం. గచ్చిబౌలిలో పదిమంది అద్దెకు పంచుకునే ఒక ఆఫీసులో నాకొక బల్ల ఉండేది, ఇప్పటికీ ఉంది. చాలా ఏళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, అది మానేసి, ఆన్‌లైన్ దుకాణం పెట్టుకోవాలనుకునేవాళ్ళకి ఆ దుకాణం కట్టిచ్చే పనిలోకి దిగాను. ఉద్యోగం వదిలినా దాని జబ్బు నన్ను వదల్లేదు. బాగున్న వస్తువు చూసినా ఇది ఎక్కడ చెడుతుందా అనే ఆలోచిస్తాను. మావారు నాకు కంగారు కనకమ్మ అని పేరు పెట్టారు. పెడితే పెట్టారు, నా కంగారు వల్లే నలుగురు బతికి బట్టకట్టారని నా నమ్మకం.

బొమ్మలు వేసేవాళ్ళు ఎక్కువగా అడిగేది ప్రింట్ ఆన్ డిమాండ్. ముందుగా సరుకు అచ్చు వేయించి ఇంట్లో పేర్చుకోనక్కర్లేదు. బొమ్మ ఫైల్‌ని వెబ్‌సైట్‌లో పెడితే చాలు, పోస్టర్ మీద, కప్పు మీద, టీషర్ట్ మీద అది ఎలా ఉంటుందో కంప్యూటరే తయారుచేసి చూపిస్తుంది. దాన్ని మాకప్ అంటాం. ఎవరైనా కొన్నాకే ప్రింటింగ్ యూనిట్‌లో అచ్చు వేసి, అక్కడి నుంచే కొన్నవాళ్ళ ఇంటికి పంపేస్తారు. పెట్టుబడి లేదు, గోదాము లేదు. ఒకటే తంటా, అమ్మేవాళ్ళు తమ సరుకుని కళ్ళతో చూడరు.

సుజాతది బోరబండ. ఒక ఐటీ కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం పోయి ఇంట్లో ఉంటూ, ట్యాబ్ మీద అమ్మవారి ముఖాలు గీసేది. పసుపు ముఖం, నిండా కుంకుమ, ముఖంలో సగం కళ్ళే. మొదటిసారి ఆ బొమ్మ తెర మీద తెరిచినప్పుడు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. అంత సూటిగా చూస్తున్నాయి ఆ కళ్ళు.

"మా అత్తమ్మ ఏటా బోనమెత్తుతదక్కా," అంది సుజాత. "అమ్మోరిని అమ్ముకుంటవా అని ముందుగాల ఒప్పుకోలే. మస్తు బతిమిలాడితె, గోడకు పెట్టుకునేటందుకైతెనే గియ్యి, ఇంకో తీరైతె వద్దన్నది."

"అయితే ఇంకేం, పోస్టరు, కాన్వాస్, ఈ రెండే పెడదాం," అన్నాను. రెండూ పెట్టి చూపించాను. మిగతా బొమ్మలు నువ్వే ఎక్కించుకోమని నేర్పించి పంపాను.

బోనాల ముందు రోజు, శనివారం మధ్యాహ్నం, సుజాత ఉరుకులు పరుగుల మీద ఆఫీసుకి వచ్చింది. చేతిలో మిఠాయి డబ్బా. "అక్కా, ఫస్ట్ ఆర్డరొచ్చింది! ఆర్డర్ మెసేజ్‌లు పాత మెయిల్‌కి పోతున్నయంట, నేను చూడనే లేదు. ఇంటికి గూడ చేరిందంట!"

నాకు నిజంగా సంతోషం వేసింది. మిఠాయి నోట్లో వేసుకుని ఆర్డర్ తెరిచాను. కొన్నది గచ్చిబౌలిలోనే, ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో. బొమ్మ, ఎర్ర అంచున్న అమ్మవారు. వస్తువు, డోర్‌మ్యాట్.

మిఠాయి డబ్బా పక్కకి నెట్టాను.

"సుజాతా, ఇదేంటి?"

తను వంగి చూసింది. "నేను పెట్టలేదక్కా. అమ్మతోడు, నేను పెట్టలే."

తను పెట్టలేదు, నిజమే. కానీ ఒక బటన్ నొక్కింది. అప్లై టు ఆల్ అని ఉంటుంది, ఒకసారి నొక్కితే ఆ బొమ్మ యూనిట్ దగ్గరున్న ప్రతి వస్తువు మీదికీ పాకుతుంది. రెండే వస్తువులుంటే దుకాణం బోసిగా ఉందని నొక్కిందట. మొదటి పేజీలో కప్పులు, సంచులు చూసి మురిసిపోయి, రెండో పేజీ తిప్పలేదు. నేను తిప్పాను. డోర్‌మ్యాట్ కింద చెప్పులు కూడా ఉన్నాయి. అరికాలి మంట నెత్తికెక్కింది.

"చదువుకున్నదానివి కాదూ! నొక్కే ముందు ఒక్కసారి నన్ను అడిగితే నీ సొమ్మేం పోయింది?" అని నలుగురూ వినేలా అరిచాను. అరుస్తూనే పోస్టరు, కాన్వాస్ తప్ప మిగతావన్నీ తీసేశాను. అదృష్టం, ఇంకెవరూ ఏమీ కొనలేదు.

బాలానగర్‌లోని ప్రింటింగ్ యూనిట్‌కి ఫోన్ చేశాను, పొరపాటున కాన్వాసే పంపి ఉండకూడదా అన్న పిచ్చి ఆశతో. "మేం బొమ్మ చూడం మేడం, బార్‌కోడ్ చూస్తం. మ్యాటే పోయింది," అన్నాడు సూపర్‌వైజర్. కొన్నావిడ నంబరుకి చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు.

"అత్తమ్మ రేపు నెత్తిన బోనం పెట్టుకుంటదక్కా," అంది సుజాత. "ఆమె నెత్తిన పెట్టుకునే తల్లి ముఖం నా దుకాణంల నుంచి పొయ్యి ఎవరి కాళ్ళ కిందనో ఉన్నది. నేను ఏ మొకం పెట్టుకోని ఇంటికి పోవాలె? ఇగ నన్ను బొమ్మ గియ్యనిస్తదా?"

ఆటో ఎక్కాం. దూరం ఎంతో లేదు, బస్సుల వెనక ఇరుక్కుని మా ఆటో కదిలితేగా! దారిలో నేనొక అబద్ధం తయారుచేశాను. ప్రింటులో లోపం వచ్చింది, వెనక్కి తీసుకుని ఇంకోటి పంపుతాం అని చెబుదాం, అమ్మవారి ఊసే ఎత్తొద్దు అన్నాను. సుజాత తలూపింది గానీ విన్నట్టు లేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఫ్లాటుకి కబురు పంపి, వాళ్ళు సరేనంటేనే లోపలికి అన్నాడు. కాలు కాలిన పిల్లిలా ఆ గేటు ముందు తిరిగాను. చాలాసేపటికి అనుమతి వచ్చింది. లిఫ్టు దిగితే పొడుగాటి వరండా, రెండు వైపులా తలుపులు, ప్రతి తలుపు ముందూ ఒక డోర్‌మ్యాట్. సుజాత ఒక్కోదాన్నీ చూస్తూ, చూడలేక కళ్ళు మూసుకుంటూ నా చెయ్యి పట్టుకుని నడిచింది. గోళ్ళు గుచ్చుకుంటున్నా చెయ్యి విడిపించుకోలేదు.

మాకు కావలసిన తలుపు ముందు మ్యాటే లేదు. అది చూసి ఇంకా భయం వేసింది. మాసిపోయి పారేశారా? ఉతకడానికి వేశారా?

తలుపు తీసినావిడకి నా వయసే ఉంటుంది. మాట విశాఖపట్నం వైపుది. "ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టానండి, ఇప్పుడే చూశాను. మ్యాట్ గురించేనా?"

నేను నా అబద్ధం మొదలుపెట్టాను. "అవునండి, ప్రింటులో చిన్న లోపం..."

"ప్రింటుల లోపం లేదు మేడం," అంటూ సుజాత అడ్డు తగిలింది. "తప్పు నాదే. బొమ్మ గీసింది నేనే. అది అమ్మవారు. కాళ్ళ కింద ఉండేది కాదు."

ఆవిడ చెంపలు వేసుకుంది. "అయ్యో, అమ్మవారా! మా తల్లే! దిష్టిబొమ్మ అనుకున్నామండి. గుమ్మంలో ఉంటే మంచిదే కదా అని తెప్పించాను."

"వేసిన్రా?" అడిగింది సుజాత.

"వేశానండి, దాచడమెందుకు. వేశాను గానీ... నిన్న పొద్దున్నే మావారు ఆఫీసుకి బయల్దేరి గుమ్మంలో నిలబడిపోయారు. ఇదేమిటే నన్నిలా చూస్తోంది అని, దాటుకుని వెళ్ళారు. పనమ్మాయి నేను తొక్కనమ్మా అని పక్కనుంచి వచ్చింది. నన్ను చూస్తే నాకే నవ్వొచ్చింది, చీర ఎత్తిపట్టుకుని గెంతుతున్నాను. తొక్కలేని డోర్‌మ్యాట్ ఎందుకని సాయంత్రానికి తీసేసి బీరువాలో పెట్టాను. మీకు తిప్పి పంపాలనే అనుకుంటున్నాను."

తెచ్చి ఇచ్చింది. సుజాత అక్కడే నేల మీద కూర్చుని, దాన్ని ఒళ్ళో పరుచుకుని, అంచు నుంచి అంచు దాకా వేళ్ళతో తడిమి చూసింది. ఎక్కడా కాలి మచ్చ లేదు. అప్పుడు ఏడ్చింది, వెక్కి వెక్కి. నేనూ ఆ ఫ్లాటావిడా ఏం చెయ్యాలో తెలియక చెరో పక్కన నిలబడ్డాం.

కిందికి దిగాక, "ఇక ఎవరికీ తెలియదు. గండం గడిచింది. రేపు పండగ, మీ అత్తగారికి ఏమీ చెప్పకు," అన్నాను.

"బోనమెత్తేటామెకు దాస్తె ఎట్లక్కా? రేపు ఆమె కాళ్ళకు నీళ్ళు పొయ్యాలె నేను. నువ్వు జర నా ఎంబడి రా."

వెళ్ళకుండా ఎలా ఉంటాను? బోరబండలో ఆ ఇంటి ముందర సుజాత అత్తగారు మల్లమ్మగారు కొత్త బోనం కుండకి పసుపు పూస్తున్నారు. సుజాత ఆ మ్యాట్‌ని రెండు చేతుల్లో పట్టుకుని, నిలబడే మొత్తం చెప్పేసింది. ఒక్క మాట దాచలేదు. ఆవిడ చెయ్యి కుండ మీదే ఆగిపోయింది. తిట్టినా బాగుండు అనిపించింది నాకు.

"తొక్కిన్రా?" అని అడిగారు చివరికి.

"లేదత్తమ్మా. ఏసిన్రు గని తొక్కలేకపోయిన్రంట. కండ్లు చూసి కాలు పెట్టబుద్ధి కాలేదంట."

మల్లమ్మగారు మ్యాట్ అందుకుని వెలుతురుకి పట్టుకుని చూశారు. తర్వాత తిట్టారు, బాగానే తిట్టారు. "దుకాణం బోసిగుంటె ఏమైతది? అమ్మోరి పక్కన చెప్పులు పెట్టి నింపుతరా? బుద్ధున్నదా నీకు?" సుజాత తల దించుకుని నిలబడింది. ఆవిడ దాన్ని పసుపునీళ్ళలో ముంచి, పిండి, తీగ మీద ఆరేశారు. కుండ దగ్గరికి వచ్చి కూర్చుని, కుంకుమ గిన్నె కోడలి వైపు తోశారు.

"ఈ యేడు బోనానికి కండ్లు నువ్వు దిద్దు," అన్నారు. "నా చెయ్యి దిద్దిన కండ్లకు ఎవరూ ఎన్నడు ఆగలే."

సుజాత గీసిన మొదటి గీత వంకర పోయింది. ఆవిడే తుడిచి, మళ్ళీ దిద్దమన్నారు.

ఆ తర్వాత నా పనిలో ఒక పద్ధతి మార్చాను. దుకాణం జనానికి తెరిచే ముందు అందులోని ప్రతి వస్తువూ ఒక్కోటి మీ ఇంటికే తెప్పించుకోండి, అది ఉండాల్సిన చోట పెట్టి, ఇంట్లో పెద్దవాళ్ళకి చూపించండి అంటాను. అనవసరపు ఖర్చని కొందరు విసుక్కుంటారు, ఒకరిద్దరు వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు కూడా. వెళితే వెళ్ళనీ. కంప్యూటర్‌కి గోడా గడపా ఒకటే, ఎక్కడ ఏది ఉండకూడదో దానికి తెలియదు. అది తెలిసిన మనిషి ఆ ఇంట్లోనే ఎక్కడో కుండకి పసుపు పూస్తూ ఉంటుంది, ముందుగా వెళ్ళి ఆవిడని అడగడమే మా పని.