వావిలాకు మైక్రోడోసింగ్

పోయిన నెల మా ఇంటికి పోలీసు వచ్చినాడు. కంగారు పడకండి, రిటైరైపోయిన సార్జెంటే, మా పెద్దొదిన మొగుడే. అయినా పోలీసు పోలీసే కదా లా! మలేషియాలో పుట్టినోళ్ళం, మాట సివర ఈ 'లా' రాకుండా ఉండదు. నన్ను పట్టుకెళ్ళలేదు. పట్టుకెళ్ళినా ఇంత పేరు వచ్చీది కాదు. టీ పోసుకోండి, మొదటినుంచీ సెప్తాను.

అసలు తప్పంతా నా ముక్కుది. పాతికేళ్ళ సైనస్. పోర్ట్ క్లాంగ్ రేవులో షిప్పింగ్ ఆఫీసు, నా టేబుల్ సరిగ్గా ఏసీ కింద. ఫోనెత్తి "గుడ్ మార్నింగ్" అంటే అవతలోళ్ళకి "గుడ్ బార్డిగ్" అని వినబడతాది. డాక్టరేమో రోజూ ఆవిరి పట్టమన్నాడు. కంటైనర్ల పేపర్లు ముందేసుకుని, ఆఫీసులో గిన్నె పెట్టి, నెత్తిమీద తువ్వాలు కప్పుకుని కూకుంటే మేనేజరు ఊరుకుంటాడా?

అందుకని ఫోన్లో వెతికినాను. వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికినాది. డ్రై హెర్బ్ వేపరైజర్. డ్రై అంటే ఎండబెట్టింది. హెర్బంటే మూలిక. వేపరంటే ఆవిరి. మూడు ముక్కలూ నాకొచ్చిన ఇంగ్లీషే! ఎండు మూలికల ఆవిరి యంత్రం. పెన్ను కన్నా కొంచెం లావు, సేతి సంచీలో పట్టేస్తాది. ఇంకేటి కావాలి? నొక్కీసినాను.

పార్సిల్ వచ్చినాది. పెట్టె మీద పచ్చటి ఆకు బొమ్మ. ఐదు వేళ్ళు విప్పి సెయ్యి సాపినట్టు ఉన్నాది. సూడగానే నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చినాయి. వావిలాకు! మన పక్కింటి తమిళోళ్ళు నొచ్చి అంటారు సూడండి, అదే. సిన్నప్పుడు బాగన్ దాతుక్‌లో, మా కొబ్బరి ఎస్టేట్లో, ఎవరికి జలుబు సేసినా మా పిన్ని ఇదే మరగబెట్టీది. సూసినారా, కంపెనీవోళ్ళకి కూడా వావిలాకు గొప్ప తెలిసిపోయినాది అనుకున్నాను.

ఆ రోజే పిన్నికి ఫోన్ కొట్టినాను. ఆవిడ రెండు కొమ్మలు తడి గుడ్డలో సుట్టి, ఇటొచ్చే కారులో పంపినాది. వెనకాల వాషింగ్ మెషీన్ పక్కన రెండు కుండీల్లో పాతినాను. మన ఎండకి, మన వానకి ఏదైనా బతుకుతాది కదా, గబగబా సిగురేసినాయి. ఆకులు ఎండబెట్టి, నలిపి, హార్లిక్స్ లాంటి మైలో పొడి ఖాళీ డబ్బాలో పోసినాను.

యంత్రంతోపాటు సిన్న పుస్తకం ఉన్నాది. నాను ఏ కాగితమైనా కింద సంతకం దాకా సదివే మనిషిని, ఆఫీసు అలవాటు. అందులో 'మైక్రోడోసింగ్' అని ఒక పేజీ. అంటే సిటికెడులో సిటికెడు మూలిక వెయ్యాలంట, రెండు పీల్పులు పీల్చాలంట, పావుగంట ఆగి ఎలాగుందో సూసుకోవాలంట. కొంచెంతో మొదలెట్టండి, తొందరపడకండి అని రాసున్నాది. ఎక్కువ వాడమని సెప్పని కంపెనీ లోకంలో ఉన్నాదా? ఎంత మర్యాదస్తులో అనుకున్నాను. వాళ్ళు సిన్న స్పూను కూడా ఇచ్చినారు, సెవిలో గులిమి తీసుకునేటంత.

సెప్తే నమ్మరు, నా ముక్కు తెరుచుకున్నాది! ఒకటి మూసుకుంటే ఒకటి తెరిచే ముక్కు, రెండూ ఒకేసారి. వారం తిరిగీసరికి కూరలో కరివేపాకు వాసన తెలిసినాది. సాంబారు వాసన, పక్కింటోళ్ళ ఎండుసేపల వాసన, అన్నీ! వాసన తెలిస్తే ఆకలి రాదేటి? రెండు పూటలు తినే మనిషిని నాలుగు పూటలు తింటన్నాను. ఆఫీసులో ఎవరరిచినా నవ్వు వస్తన్నాది. అంత హాయి.

మంచి సంగతి కడుపులో దాసుకోడం నాకు సేతకాదు. మా తెలుగు ఆడోళ్ళ వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టినాను. అది ఇప్పటికీ నా ఫోన్లో ఉన్నాది, ఉన్నదున్నట్టు సెప్తాను, నవ్వకండి:

"అక్కలూ, సెల్లెళ్ళూ, నమస్కారం. నాను సరోజని. ఐదు వారాలనుంచి మైక్రోడోసింగ్ సేస్తన్నాను. డ్రై హెర్బ్. పొద్దున్న రెండు పీల్పులు, సాయంత్రం రెండు పీల్పులు, అంతే. తల తేలికైపోతాది. కోపం రాదు. బాగా ఆకలేస్తాది. ఎండాకాలం వానాకాలం అని లేదు, ఎవరైనా వాడొచ్చు. మొక్క నా దగ్గరే ఉన్నాది, ఇంట్లోనే పెంచుతన్నాను. కావాలంటే రండి, కొమ్మ ఇస్తాను. డబ్బులేటీ వద్దు."

వావిలాకు అన్న ముక్క ఒక్కటి మర్చిపోయినాను. ఒక్క ముక్క!

రోజూ తెల్లారీసరికి వందేసి గులాబీ పువ్వుల బొమ్మలొచ్చే గ్రూపు. రెండు రోజులు చప్పుడు లేదు. నా మాట విని అందరూ ఆలోచనలో పడ్డారు కాబోలు అనుకున్నాను. శనివారం గుడికెళితే ఒకావిడ నా సెయ్యి పట్టుకుని, "ధైర్యంగా ఉండమ్మా, ఎవరికైనా వస్తాది కష్టం" అన్నాది. ఇంకో ఆవిడ ప్రసాదం రెండుసార్లు పెట్టినాది. సైనస్‌కి ఇంత జాలిపడే మనుషులున్నారా అని నాకు మురిపెం.

ఆదివారం పొద్దున్న మేం ఇడ్లీలు తింటంటే గేటు దగ్గర కారాగినాది. మా పెద్దొదిన, మా అన్నయ్య. మా ఆయన అక్కా, బావా అన్నమాట. ఫోన్ సెయ్యకుండా ఎప్పుడూ రారు. వదిన సేతిలో యాపిల్ పళ్ళ సంచీ, ఆస్పత్రికొచ్చినట్టు. అన్నయ్య బాతిక్ చొక్కా నలగకుండా నిటారుగా కూకున్నాడు. మనిషి ముప్పై ఏళ్ళు గంజా కేసులే సూసినాడు, ఆ కూకోడంలోనే తెలిసిపోతాది.

"సెల్లెమ్మా, ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు.

నాను ఆరోగ్యం అడుగుతన్నాడనుకున్నాను. "ఐదు వారాలన్నయ్యా."

"రోజుకెన్నిసార్లు?"

"రెండు. పని ఎక్కువుంటే మూడు."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాది.

"మానేస్తే ఏటవుతాది?"

"ఓలమ్మో, మానేస్తే ఉండలేనన్నయ్యా! మొన్నొక రోజు మర్చిపోయి ఆఫీసుకెళ్ళిపోయినాను. సాయంత్రం దాకా కళ్ళు ఎర్రగా, తల పగిలిపోయినాది. ఇంటికొచ్చి రెండు పీల్చినాక గానీ మనిషిని కాలేదు."

అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచి, మెత్తగా, "మొక్క ఎవరిచ్చినారు?" అన్నాడు.

"మా పిన్నే. బాగన్ దాతుక్ పిన్ని."

"ఆవిడ వయసెంత?"

"ఎనభై రెండు."

"ఆవిడ కూడా...?"

"సిన్నప్పటినుంచీ! ఎస్టేట్లో అందరం అదే కదన్నయ్యా. పసిపిల్లలకి కూడా పట్టీవోరు."

వదిన "అయ్యో, అయ్యో" అని యాపిల్ సంచీ కింద పడేసినాది. అన్నయ్య మా ఆయన వైపు తిరిగినాడు. "బావా, నువ్వేటీ కనిపెట్టలేదేటి?"

ఇన్నేళ్ళ కాపురంలో నన్ను ఒక్కసారైనా సరిగ్గా సూడని మనిషి, ఆ రోజే సూసినట్టు సెప్పినాడండీ! "ఇప్పుడు తలుసుకుంటే అవును బావా. బాగా తింటన్నాది. మొన్న ఒక్కర్తే కూకుని నవ్వుతన్నాది. పక్కింటోళ్ళ ఎండుసేపల వాసన సూసి, ఆహా అన్నాది. మామూలు మనిషి అంటాదేటి అలగ?"

"ముందు ఊరికే ఇస్తారు సెల్లెమ్మా," అన్నాడు అన్నయ్య, "డబ్బులొద్దంటారు. అలాగే మొదలవుతాది. నువ్వు ఊరందరికీ ఇస్తానన్నావంట. లే, మొక్క సూపించు."

సూపిస్తే పోలా? నాకేటి భయం! వెనక్కి తీసికెళ్ళినాను. రెండు కుండీలూ పచ్చగా, ఐదేసి వేళ్ళు విప్పుకుని గాలికి ఊగుతన్నాయి. అన్నయ్య ఆగిపోయినాడు. వాషింగ్ మెషీన్ పట్టుకున్నాడు. "దీనికి ఎంత శిక్షో తెలుసా?"

"మొక్కకి శిక్షేటన్నయ్యా?"

"గంజా, సెల్లెమ్మా! గంజా! ఆ యంత్రం గంజా పీల్చే యంత్రం. నువ్వు సెప్పే మైక్రోడోసింగు, గంజా కొంచెం కొంచెంగా పీల్చడం. కొన్ని దేశాల్లో పరవాలేదంటారేమో. ఇది మలేషియా! నీకు తెల్దా?"

పెట్టె మీద బొమ్మ కళ్ళముందు తిరిగినాది. హెర్బ్. డోసు. తొందరపడకండి. ఓలమ్మో, అంత మర్యాద అందుకేనా! ఆవిరికైతే పావుగంట ఆగి ఎలాగుందో సూసుకోమని ఎవరు సెప్తారు?

"అన్నయ్యా, యంత్రం సంగతి నాకు తెల్దు. మొక్క మాత్రం వావిలాకు, ఒట్టు!" అన్నాను. అన్నాను గానీ, ఆ క్షణమే నా గుండెలో రాయి పడినాది. పిన్నికి కంటికి పొర వచ్చినాది. కళ్ళద్దాలు పెట్టుకోదు. ఎస్టేటు వెనకాల పొదల్లో ఎవరు ఏటి పెంచుతన్నారో! వావిలి కొమ్మ అనుకుని ఇంకేదో విరిచి పంపలేదు కదా? మరి నాకొచ్చిన ఆకలి? ఆ నవ్వు? పాతికేళ్ళు ముక్కు దిబ్బడతో బతికిన దాన్ని, ఉట్టి ఆకు పీలిస్తే అంత సంతోషం వస్తాదా? ఐదు వారాలు నాను గంజాయి మత్తులో కంటైనర్ల పేపర్లు పాస్ సేసినానా?

కుండీ ఎత్తి కాలవలో పారేద్దామని వంగినాను.

"ముట్టకు!" అని అరిచినాడు అన్నయ్య. ముప్పై ఏళ్ళ పోలీసు గొంతది. నానూ, మా ఆయనా, వదినా, ముగ్గురం సేతులు పైకెత్తేసినాం. మమ్మల్ని ఎత్తమని ఎవరూ అనలేదు.

అన్నయ్య నెమ్మదిగా ఒక ఆకు తెంపినాడు. అరిసేతిలో నలిపినాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. నాకు ఊపిరాడలేదు, ఈసారి సైనస్ వల్ల కాదు.

ఆయన ముఖం మారిపోయినాది. సార్జెంటు పోయి ఎవరో సిన్న గుంటడు వచ్చినట్టు. "ఇది మా అమ్మ దుప్పటి వాసన," అన్నాడు. ఆ ఆకు గుప్పిట్లో పట్టుకుని, "జలుబు సేస్తే మా అమ్మ నన్ను ఒళ్ళో కూకోబెట్టుకుని, దుప్పటి కప్పి, ఈ ఆకే ఆవిరి పట్టీది. నాను ఏడిస్తే తానూ దుప్పట్లో దూరీది. ఎన్నేళ్ళైపోయినాదో ఈ వాసన సూసి." ఇంకో ఆకు తెంపుకున్నాడు. "వావిలాకే సెల్లెమ్మా. వావిలాకే."

మా ఆయన సేతులు ఇంకా పైనే ఉన్నాయి. "దింపరా," అన్నాది వదిన.

నాను అక్కడే, వాషింగ్ మెషీన్ పక్కన కూలబడి ఏడ్సినాను. ఏడుస్తూ నవ్వినాను. మా ఆయన ఇప్పుడు కూడా నన్ను అనుమానంగానే సూసినాడు.

అన్నయ్య ఆ యంత్రాన్ని మాత్రం వదల్లేదు. "రోడ్డు మీద సంచీలో ఇది దొరికితే ముందు స్టేషన్, తర్వాతే వావిలాకు" అని, సుత్తి పెట్టి ముక్కలు సేసి పారేసినాడు. "గిన్నెలో మరగబెట్టుకో. ఆవిరికి బ్యాటరీ ఎందుకు లా?" అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఒక కొమ్మ పట్టుకెళ్ళినాడు. వదిన మాత్రం కారెక్కుతూ, కొంచెం నిరాశగా, "మరి నాను నలుగురికి సెప్పీసినానే" అన్నాది.

నలుగురేటి, పెనాంగ్ దాకా తెలిసిపోయినాది. ఆ సాయంత్రమే నాను గ్రూపులో ఇంకో మెసేజ్ పెట్టినాను. "అది గంజాయి కాదు, వావిలాకు" అని పదకొండు నిమిషాలు మాట్లాడినాను. పదకొండు నిమిషాలు ఎవరు వింటారు? మొదటిది ముప్పై సెకండ్లే కదా, అందరూ అదే విన్నారు, అదే పంపుకున్నారు.

పోయిన వారం మా తెలుగు సంఘం సెక్రటరీ ఫోన్ సేసినాడు. "సరోజమ్మా, పిల్లలకి మత్తుమందుల మీద అవగాహన సభ పెడతన్నాం. మీరొచ్చి రెండు ముక్కలు మాట్లాడాలి. అనుభవం ఉన్నోళ్ళు సెప్తేనే పిల్లలు వింటారు."

"నాకు అనుభవం లేదండీ! నాను ఎప్పుడూ తీసుకోలేదు!"

"ఆ మాటే గట్టిగా అనండి సాలు," అన్నాడాయన.

నిజం సెప్పడానికి ఇంతకన్నా మంచి సోటు దొరకదని ఎల్లినాను. మైకు పట్టుకుని, యంత్రం, కొమ్మ, పిన్ని, మైలో డబ్బా, అన్నీ వరసగా సెప్పినాను. పిల్లల్లో సగం మందికి తెలుగు సగమే అర్థమవుతాది. వాళ్ళకి అర్థమైన సగం ఏటో తెల్దు గానీ, అందరూ లేచి చప్పట్లు కొట్టినారు. ముందు వరసలో ఆడోళ్ళు కళ్ళు తుడుసుకున్నారు.

ఇరవై ఏళ్ళు ఆ సంఘానికి వంటలు వండినాను, ముగ్గులేసినాను, మైకులు మోసినాను. ఒక్క శాలువా కప్పలేదు. ఎన్నడూ పీల్చని గంజాయి మానేసినందుకు, ఆ రోజు పట్టు శాలువా కప్పినారండీ!