మూఢాల్లో రాలిన వత్తులు

ఆ రోజుల్లో కంప్యూటర్‌కు ఉన్న మర్యాద ఇంటి అల్లుడికి కూడా ఉండేది కాదు. దుమ్ము పడకుండా దానికో పూల గుడ్డ, ఎండ తగలకుండా కిటికీకి పరదా, దసరా నాడు నుదుటి మీద (దానికి నుదురు ఎక్కడో ఎవరికీ తెలియదు గనక తెర పైభాగాన) పసుపు బొట్టు. అంతకంటే గొప్పదాన్ని జేబులో పెట్టుకొని తిరిగి, రాత్రయితే పరుపు మీదకు విసిరేసి పడుకునే మనకు ఇప్పుడు ఆ భక్తి అర్థం కాదు. నేను మాత్రం సరిగ్గా ఆ భక్తి కాలంలోనే ఆ దేవుడికి కొత్త అవతారం ఎత్తిద్దామని బయలుదేరాను. ఎత్తించాను కూడా.

జగిత్యాలలో కంప్యూటర్ కోర్సు ముగించి అప్పుడే కోరుట్లకు వచ్చాను. చేతిలో సర్టిఫికెట్టు, నెత్తిన కొమ్ములు. ఊళ్లోని కంప్యూటర్లన్నీ నా కోసమే చెడిపోయి ఎదురు చూస్తున్నాయని గట్టి నమ్మకం. ఎవరూ పిలవకపోయేసరికి మా చిన్నబాపు, అంటే మా నాన్న తమ్ముడు, తన పెండ్లి పత్రికల దుకాణంలో కూర్చోబెట్టుకున్నాడు. చిన్నబాపు వయసులో ఉన్నప్పుడు జగిత్యాలలో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చేవాడు. ఏ అక్షరం కింద ఏ వత్తు కావాలన్నా చూడకుండానే గూట్లోంచి తీసేవాడట. కంప్యూటర్లు వచ్చాయి, ప్రెస్సాయన ఆ అక్షరాలన్నీ తూకానికి అమ్మేశాడు, చిన్నబాపు చేతిలో పని లేకుండా పోయింది. చాలా కాలం బీడీ ఆకుల సంచులు మోశాడని చిన్నమ్మ చెప్పేది (ఆయన ఎన్నడూ చెప్పలేదు). నలభై దాటాక పట్టుబట్టి తెలుగు టైపింగ్ నేర్చుకొని ఈ దుకాణం పెట్టుకున్నాడు. ఏ మీట నొక్కితే ఏ అక్షరం పడుతుందో ఆయన బుద్ధికి కాదు, వేళ్లకు తెలుసు. అడిగితే చెప్పలేడు, గాల్లో వేళ్లాడించి చూసుకొని అప్పుడు చెబుతాడు.

ఆ కంప్యూటర్‌లో ఉన్నది పాత విండోస్ ఎక్స్‌పీ. తెర వెలగగానే పచ్చటి గుట్ట, పైన నీలి ఆకాశం. "మన మేడిపల్లి తొవ్వల గుట్ట లెక్కనే ఉన్నది గదా" అని చిన్నబాపు ఎవరు వచ్చినా చూపించేవాడు. ఆ గుట్ట చూడ్డానికి బాగానే ఉండేది గానీ, దాని వెనక లోకం ముందుకు వెళ్లిపోయింది. హాల్‌టికెట్ల సైట్లు తెరుచుకునేవి కావు, ఆన్‌లైన్ దరఖాస్తులు సగంలో ఆగిపోయేవి. మా గడప దాకా వచ్చిన పిల్లలు ఎదుటి దుకాణంలోకి పోతుంటే నాకు కడుపు మండేది. కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన ఉండేవాడు. భుజానికి సీడీల సంచి వేలాడేసుకొని తిరుగుతాడని అందరూ 'సీడీల అన్న' అనేవారు. ఆయన మా కంప్యూటర్‌ను చూసి వైద్యుడిలా పెదవి విరిచాడు. "కాకా, గీ వర్షన్‌కు ఇగ మందులు బంద్ జేసిండ్రు. ఎన్నొద్దులని నడుపుతవు? సెవెన్ ఎక్కియ్యుండ్రి."

"మంచిగున్న పానానికి మందెందుకు?" అన్నాడు చిన్నబాపు.

నేను ఊరుకుంటానా? పొద్దున చాయ్‌తో మొదలుపెట్టి షట్టర్ దించేదాకా అదే పాట. ఆయన కాదనలేదు. కాదంటే బాధ లేదు, ఏదో ఒకటి చెప్పి ఒప్పించవచ్చు. ఆయన పట్టుకున్నది మూఢాలను, పెండ్లిళ్లుండని రోజులను. పెండ్లిళ్ల రోజుల్లో అడిగితే, "ఇప్పుడెట్లయితది బిడ్డా, ఊపిరాడని పనున్నది. మూఢాలు రానియ్యి, పత్రికలుండయ్, ఖాళీగుంటం" అనేవాడు. తీరా మూఢాలు వచ్చాక అడిగితే, "మూఢాలల్ల కొత్తది మొదలువెడ్తరా ఎవరన్న? మూఢాలు పోనియ్యి" అనేవాడు. పని లేనప్పుడు మంచి రోజులు కావు, మంచి రోజులప్పుడు పని తెమలదు. ఈ లెక్కన భూమ్మీద ఏ పెండ్లి పత్రికల దుకాణమూ కంప్యూటర్ మార్చే వీలు లేదు. నాకు నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది. అది సాకు అనుకున్నానే గానీ, ఆ సాకు వెనక భయం ఉందని నా బుర్రకు తట్టలేదు.

ఆ ఏడు మళ్లీ మూఢాలు వచ్చాయి. దుకాణంలో ఈగలు కూడా లేవు. అయ్యగారు (మా వీధి పురోహితులు, మూఢాల్లో ఆయనకూ మాకూ ఒకే కష్టం) వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. ఆయన్నే అడిగేశాను, కంప్యూటర్‌లో వర్షన్ మార్చడానికి మూఢం అడ్డమా అని. అయ్యగారు చాలాసేపు ఆలోచించారు. పంచాంగంలో అలాంటి మాట లేదు కదా పాపం.

"ఒకటి జెప్పు బిడ్డా. గిది కొత్త ఇల్లు గట్టుడా, ఉన్న ఇంటికి సున్నమేసుడా?"

"సున్నమే అయ్యగారు! ఇల్లు అదే, గోడలు అవే. పైన కొత్త సున్నం, గంతే!"

"సున్నానికి మూఢమేంది? ఏస్కోండ్రి."

నేను గెలిచాను. చిన్నబాపు పచ్చగుట్ట వంక ఒకసారి చూసి లేచి బయటికి వెళ్లాడు. మర్నాడు సీడీల అన్న వచ్చి, "ఫార్మాట్ కొడ్తున్న" అని ఏదో నొక్కాడు. ఫార్మాట్ కొట్టడమంటే ఇంటిని పునాది దాకా పడగొట్టడమని కోర్సులో చెప్పే ఉంటారు. అది చెప్పిన రోజు నేను జగిత్యాల బజారులో గాజులు కొంటూ ఉండి ఉంటాను.

సాయంత్రానికి తెర తళతళలాడింది. గుట్ట లేదు గానీ మిగతావన్నీ పరుగులు పెట్టాయి. హాల్‌టికెట్లు వచ్చాయి, దరఖాస్తులు పూర్తయ్యాయి, ఎదుటి దుకాణానికి పోయే పిల్లలు మా వైపు తిరిగారు. మూఢాలు ఉన్నన్నాళ్లూ నేనే రాణిని. పత్రికలు లేవు గనక తెలుగు అక్షరాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు. చిన్నబాపు గల్లా దగ్గర కూర్చొని నా సంబరం చూస్తూ, "మంచిగనే ఉన్నది బిడ్డా" అన్నాడు. ఆ మాట విని ఎంత పొంగిపోయానో చెప్పలేను.

మూఢాలు విడిచాయి. ఆ పొద్దునే బీర్పూర్ నుంచి ఒకాయన, పెండ్లికూతురికి మేనమామ, చేతిలో ముహూర్తం కాగితంతో వచ్చాడు. "అన్నా, పిలగాడు దుబాయి నుంచి లీవు మీద అచ్చిండు. గీ ముహూర్తం దాటితే మల్ల రెండేండ్లకే. రేపు మాపటీలికి పత్రికలు గావాలె." చిన్నబాపు చేతులు తుడుచుకొని, ఎన్నాళ్లకో తన కుర్చీలో కూర్చున్నాడు. వేళ్లు టకటకా ఆడాయి. కాగితం తీసి మేనమామకు ఇచ్చాడు. ఆయన కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాడు.

"శీరసు... శుభమసు... అవిఘమసు... ఇదేం భాషనే అన్నా?"

ఒక్క వత్తు లేదు. అక్షరాలన్నీ ఉన్నాయి, వాటి కాళ్ల దగ్గర ఉండాల్సినవే లేవు. పెండ్లి 'పెండి' అయింది, పత్రిక 'పతిక' అయింది, కోరుట్ల 'కోరుట'గా, జగిత్యాల 'జగితాల'గా మిగిలాయి. సుముహూర్తం 'సుముహూరం' అయి కూర్చుంది. 'బంధుమితుల'ను పిలిచాం, అంటే చుట్టాలను కొలిచి పిలిచినట్టు. విందుకు వత్తు లేదు గనక విందు ఒక్కటే క్షేమంగా ఉంది. వీటన్నిటినీ మేనమామ ఓర్చుకున్నాడు గానీ తన ఊరి దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం ఎర్రబడింది. "బీరూరా? మాది బీర్పూర్ అన్నా! గిది జూస్తే మమ్ముల బీరు తాగేటోళ్ల ఊరోళ్లనరా?"

నేను మూడుసార్లు కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేశాను. (కోర్సులో నాకు బాగా గుర్తున్నది అదొక్కటే.) సీడీల అన్నకు ఫోన్ చేస్తే అసలు సంగతి బయటపడింది. అక్షరాలను కొత్తదాంట్లోకి ఎత్తిపోశాడు గానీ, వత్తులను వాటి కింద కూర్చోబెట్టే తెలుగు సాఫ్ట్‌వేర్ అందులోకి రాలేదు. అది పాత వర్షన్‌లోనే నడుస్తుంది, దాని సొంత సీడీ ఉంటేనే ఎక్కుతుంది. "సీడీ ఉన్నది గదా? ఉంటే ఇప్పుడే అచ్చి పాతదే ఎక్కిస్త. లేకుంటే ఎవ్వలతోని గాదు. గా కంపెనీనే లేదిప్పుడు" అన్నాడు.

నేను ఫోన్ పెట్టేసి తిరిగి చూస్తే, చిన్నబాపు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. ఆయన చేతులు ఊరికే ఉండగా నేను ఎన్నడూ చూడలేదు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే ఎంత బాగుండేది.

"సున్నమేస్తే వత్తులు రాలినయా బిడ్డా?" అన్నాడు మెల్లగా. కాసేపటికి, "మల్ల గట్లనే అయింది" అన్నాడు. ఏది మళ్లీ అయిందో నేను అడగలేదు. తూకానికి పోయిన సీసపు అక్షరాలు, బీడీ ఆకుల సంచులు నాకు ఒక్కసారిగా కళ్లముందు కనిపించాయి. నాకు ఏడుపు ఆగలేదు.

చిన్నమ్మకు ఫోన్ చేశాను. "చిన్నమ్మా, వత్తులు పోయినయ్!"

"ఏడికి పోతయే? దేవుని అర్రల డబ్బాల లేవా?" అంది. ఆమె అనుకున్నవి దీపం వత్తులు. వాటిని, వీటిని విడదీసి, చివరికి సీడీ దాకా రావడానికి నేను చాలా తంటాలు పడ్డాను.

"సీడీలా? రామచిల్కలు మక్కకంకులు ఉంచుతలేవని చేన్ల గట్టిన. నడుమ తొర్ర ఉన్నది గదనే, తాడు గట్టనీకే జేసిండ్రనుకున్న."

మేనమామ కూడా మాతో ఆటో ఎక్కాడు. తన మేనకోడలి పెండ్లి మేడిపల్లిలోని మా మక్కచేనులో వేలాడుతుంటే ఆయన దుకాణంలో ఎలా కూర్చుంటాడు? గట్టున నిలబడి చూస్తే, చేను పొడవునా కర్రలు, కర్రకొక సీడీ. ఎండకు తళుక్కు తళుక్కుమంటూ తిరుగుతున్నాయి. వాటి మీది రాతలు వానకు కొట్టుకుపోయాయి. చిలుకలు మాత్రం ఏ బెరుకూ లేకుండా కంకుల మీద కూర్చొని మమ్మల్ని చూస్తున్నాయి. ముగ్గురం చేనంతా తిరిగి అన్నీ తెంపుకొచ్చాం. దుకాణానికి చిన్నమ్మ కూడా వచ్చింది. సీడీల అన్న అప్పటికే పాతది ఎక్కించి, పచ్చగుట్టను తెర మీదకు తెచ్చి కూర్చున్నాడు. ఒక్కొక్క సీడీ వేయడం మొదలైంది. మొదటి దాంట్లో బతుకమ్మ పాటలు. రెండో దాంట్లో మా అత్త పెండ్లి వీడియో (మేనమామ అంత కంగారులోనూ భోజనాల దాకా చూశాడు). మూడోది తిరగనే లేదు. నాలుగో దాన్ని చిన్నమ్మ తన కొంగుతో తుడిచి, కళ్లకు అద్దుకొని ఇచ్చింది. అది గరగరమంది, ఆగింది, మళ్లీ గరగరమంది. చివరికి సాఫ్ట్‌వేర్ ఎక్కింది. చిన్నబాపు మీట నొక్కాడు. 'శ్రీ' పడింది, కింద కొక్కెంతో సహా.

"బీర్పూర్ కొట్టన్నా, ముందుగల బీర్పూర్ కొట్టు!" అన్నాడు మేనమామ.

మర్నాడు మాపటికి పత్రికలు అందాయి. పెండ్లి అయింది, మేమూ వెళ్లి విందు తిన్నాం. ఇక చిన్నబాపు జన్మలో కొత్త వర్షన్ మాట ఎత్తనివ్వడనుకొని నేను నోటికి తాళం వేసుకున్నాను. అయితే ఒక మధ్యాహ్నం ఆయన ఒక పాత కంప్యూటర్‌ను ఆటోలో తెచ్చి, మొదటి దాని పక్కన పెట్టించాడు.

"దీంట్ల నీ కొత్తది ఎక్కియ్యి బిడ్డా. దాంట్ల తెలుగు ఎట్ల కొడ్తరో నాకు నేర్పు."

"ఎందుకు చిన్నబాపు? పాతది మంచిగనే నడుస్తుంది గదా."

"నా బతుకు చేన్ల తాడుకు ఏలాడుతున్నదని మొన్ననే తెల్సింది గదనే. సీసమక్షరాలు పోయినంక నేర్సుకున్న, అందుకే గంత గోసయింది. గీసారి గిది పోకముందుగాల్నే నేర్సుకుంట."

ఆ మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ తీపి. కొత్త పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు పడుతుంది. చిన్నబాపు ఒక్క వేలితో ఒక్కొక్క మీటనూ వెతికి 'అమ్మ' అని కొట్టాడు. మ కింద మవత్తు దానంతట అదే వచ్చి కూర్చుంది. దాన్ని చూసి ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. "నేనేం జెయ్యకముందే అచ్చింది సూడు" అని చిన్నమ్మను పిలిచి మరీ చూపించాడు.

ఇప్పుడు నేను సిరిసిల్లలో ఒక బడి ఆఫీసులో పనిచేస్తున్నాను. నా బల్ల మీది కంప్యూటర్ కూడా ముసలిదైంది. రోజూ పొద్దున తెర మీద ఒక డబ్బా వచ్చి, కొత్త వర్షన్ ఎక్కిస్తావా అని మర్యాదగా అడుగుతుంది. నేను అంతే మర్యాదగా 'తర్వాత' నొక్కుతాను. పరీక్షలప్పుడు పని తెమలదు. సెలవుల్లో అంటే, ఖాళీగా ఉన్నప్పుడు లేని తలనొప్పి ఎందుకు తెచ్చుకోవడం? జీతాల సాఫ్ట్‌వేర్ దాంట్లో నడవకపోతేనో? నా వేళ్లు ఈ పాతదానికి అలవాటు పడ్డాయి. వాటిని ఊరికే ఒళ్లో పెట్టుకొని కూర్చోవాలంటే నాకు భయం. మొన్న ఈ గోడంతా చిన్నబాపుకు ఫోన్‌లో వెళ్లబోసుకున్నాను. ఆయనకు డెబ్బై దాటాయి. తన ఫోన్‌లో ఏ అప్‌డేట్ వచ్చినా అది వచ్చిన పూటే చేసేసి నాకు గొప్పలు చెబుతాడు.

"మూఢాలు పోయినంక జూస్త చిన్నబాపు" అన్నాను.

అటువైపు చిన్నగా నవ్వు వినిపించింది.

"సున్నమే గదా బిడ్డా, ఏస్కో."