బ్యాండు కోటులో గృహప్రవేశం

ఇల్లు మారేటప్పుడు ఏం చెయ్యాలో చెప్పమని నన్నిప్పుడు ఎవరూ అడగరు. అడగకపోవడం వాళ్ల అదృష్టం. ఒకప్పుడు మాత్రం అడక్కపోయినా చెప్పేవాణ్ణి. కర్నూలులో మా వీధిలో ఎవరింటి ముందు సామాన్ల బండి ఆగినా, చేతులు వెనక్కి కట్టుకుని వెళ్లి నిలబడేవాణ్ణి. "బీరువా ముందు ఎక్కించండి, పరుపులు దానికి ఆనించండి, గాజు సామాన్లకు పాత చీరలు చుట్టండి" అంటూ ఊదరగొట్టేవాణ్ణి. అంతటి పండితుడు తానే ఇల్లు మారే రోజున తువ్వాలు తప్ప మరో గుడ్డ లేకుండా ఎలా మిగిలిపోయాడో, ఆ తర్వాత ఏ వేషంలో కడప చేరాడో చెబుతాను. నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఎంత నవ్వినా మా ఆవిడ నవ్వినంత మీరు నవ్వలేరు.

మా ఆవిడ సరళ నర్సు. ఆమెకు కడప ఆసుపత్రికి బదిలీ అయింది. నాది ఇంట్లోనే కూర్చుని దుకాణాల వాళ్ల లెక్కలు రాసే పని కాబట్టి, నేను ఏ ఊళ్లో ఉన్నా ఒకటే. కాకపోతే ఇల్లు దొరకాలి కదా! పాపం సరళ ముందుగా వెళ్లి ఒక లేడీస్ హాస్టల్లో దిగి, డ్యూటీ అయ్యాక ఎండలో వీధులన్నీ తిరిగింది. నీళ్లున్న ఇంట్లో గాలి లేదు, గాలి ఉన్న ఇంట్లో నీళ్లు లేవు. రెండూ ఉన్న ఇంటికి అద్దె వింటే కళ్లు తిరిగాయి. వేసవంతా అలా గడిచాక, ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దూరంలో, బోరు ఎప్పుడూ ఎండని ఒక మేడ మీది వాటా కనిపించింది. కింద వాటాలో ఇంటి యజమాని ఒక్కడే ఉంటాడు. సర్వే ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన పెట్టిన షరతు ఒకే ఒక్కటి.

"మీ ఇంటాయన ఏం చేస్తాడమ్మా?" అని అడిగాడట సరళను.

"ఇంట్లోనే కూర్చోని లెక్కలు రాస్తాడు సార్."

"సప్పుడు ఉండదు కదా?"

"కాగితం తిప్పిన సప్పుడు గూడా రాదు సార్."

"అట్లయితే రాండి. ముందుండినోళ్ల పిల్లోడు తబలా నేర్చుకుంటా ఉండె. వాళ్లు ఖాళీ చేసిందాకా నాకు నిద్ర ల్యా. సప్పుడు చేసేటోళ్లకు మాత్రం నేను ఇల్లియ్యను."

సాయంత్రం గోధూళి వేళకు పాలు పొంగించాలని ముహూర్తం. ముందురోజు సరళ ఫోన్ చేసి గట్టిగా చెప్పింది. "సామాన్లు లేటయినా ఫర్వాలేదు. మీరు మాత్రం టయానికి నా పక్కన ఉండాల. ఆయప్ప మిమ్మల్ని ఇంతవరకూ చూసిందే ల్యా. కొంచెం పెద్దమనిషి మాదిరి రాండి."

ఆ చివరి మాట గుర్తుపెట్టుకోండి. నా కొంప ముంచింది అదే.

సామాన్లు ఎక్కించడానికి సరళ తమ్ముడు ఓబులేసు వచ్చాడు. మంచివాడు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు. చెప్పేవాడు నేను కావడమే వచ్చిన చిక్కు. పొద్దున్నే వాణ్ణీ, హమాలీలనూ వరసగా నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాను.

"రేయ్ ఓబులేసూ, ఇల్లు మారేదాంట్లో అందరూ చేసే తప్పు ఏందో తెల్సునా? ఇది ఎత్తల్నా, అది ఎత్తల్నా అని అడుగుతా కూర్చోవడం. నువ్వు ఎవుర్నీ అడగొద్దు. కంటికి కనపడిందల్లా బండిలో యెయ్. ఒక్క సూది గూడా ఈడ మిగలకూడదు."

"సరే బావా."

"బండి నిండినాక నిమిషం గూడా నిలబడొద్దు. నాకు చెప్పి పోవాల్సిన పని ల్యా. నేను తాళం ఇంటోళ్లకిచ్చి బస్సులో వస్తా. కొత్తింటికి పొయ్యే బండి, ఏమైనా గానీ ఎనక్కి తిప్పొద్దు. మంచిది గాదు."

"సరే బావా."

ముప్పాతిక సామాను బండెక్కాక, వాడు మూడోసారి కూడా సరే బావా అనేలోపు నేను స్నానానికి వెళ్లాను. తలుపు బయట మేకుకు ప్యాంటు, చొక్కా తగిలించాను. పర్సు ప్యాంటు జేబులో ఉంది. ఫోను కిటికీలో పెట్టాను. ఈ ఇంట్లో ఇదే ఆఖరి స్నానం కదా అని కాస్త భావుకత్వం కూడా ముంచుకొచ్చింది. డ్రమ్ములో మిగిలిన నీళ్లు ఎవరికోసం దాచాలని చెంబు మీద చెంబు గుమ్మరించుకుంటూ, పాటలు పాడుకుంటూ, ఒళ్లంతా రెండుసార్లు రుద్దుకుని, తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చాను.

ఇల్లు లేదు. అంటే గోడలు ఉన్నాయి, ఇల్లు లేదు. ప్యాంటు లేదు. చొక్కా లేదు. కిటికీలో ఫోను లేదు. గుమ్మం దగ్గర చెప్పులు లేవు. ప్యాంటు తగిలించిన మేకు కూడా లేదు, దాన్ని పీకిన చోట గోడకు చిన్న బొక్క మాత్రం ఉంది. కంటికి కనపడిందల్లా ఎత్తమన్నాను కదా, ఓబులేసు తన ధర్మం తాను పాటించాడు. బాత్రూము తలుపు వేసి ఉండబట్టి నేనొక్కణ్ణే వాడి కంటికి కనపడలేదు.

కిటికీలోంచి తల బయటపెట్టి పక్కింటి మస్తాన్‌ను కేకేశాను. మస్తాన్ పెళ్లిళ్లకు బ్యాండు మేళం నడుపుతాడు. మనిషి బక్కగా ఉంటాడు, మనసు పెద్దది. పరిగెత్తుకుంటూ వచ్చి నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అరే సార్! ఏమైంది? దొంగలు పడినారా?"

"దొంగలయితే మేకు వదిలిపెట్టి పోతారు మస్తానూ. మా బామ్మర్ది. నీ ఫోనియ్యి ముందు."

ఓబులేసు నంబరు నాకు నోటికి రాదు. నాకు నోటికొచ్చిన నంబరు నాదొక్కటే. నా ఫోనుకు నేనే చేశాను.

"హలో, ఎవురు?" అన్నాడు ఓబులేసు.

"నేనురా!"

"బావ ఈడ ల్యాడండీ. స్నానం చేస్తాండాడు. కొంచేపాగి చెయ్యండి."

"రేయ్, ఆ స్నానం చేస్తాండేది నేనేరా!"

"ఓ, బావా! అయిపాయనా స్నానం?"

"అయిపాయె గానీ, నా ప్యాంటు యాడరా?"

"భద్రంగా ఉండాది బావా. బీరువాలో పెట్టి తాళమేసినా. ఫోను మాత్రం నా జేబులో పెట్టుకున్యా."

"బండి ఎనక్కి తిప్పు."

లారీ చప్పుడులో వాడు డ్రైవరును ఏదో అడిగాడు. తర్వాత వాడు నీరసంగా అన్నాడు. "ఎట్లా బావా? నువ్వే కదా తిప్పొద్దని చెప్తివి. డ్రైవరన్న గూడా ఒప్పుకోడంట. అక్కకు తెలిస్తే నన్ను సంపుతాది."

ఫోను మస్తాన్ చేతిలో పెట్టేశాను. మస్తాన్ తన ఇంటికెళ్లి శుభ్రమైన లుంగీ తెచ్చాడు. "ఇది కట్టుకోండి సార్. పైన నా బనీను ఏసుకోండి. పొట్ట కాడ కొంచెం టైటయితాది అంతే."

బుద్ధున్నవాడైతే లుంగీ కట్టుకుని బస్సెక్కి ఉండేవాడు. కానీ నా చెవిలో సరళ మాట గంట కొడుతోంది, పెద్దమనిషి మాదిరి రాండి అని. తొలిసారి చూసే ఇంటాయన ముందు లుంగీ, బనీనుతో నిలబడాలా? అప్పుడే కిటికీలోంచి మస్తాన్ ఇంట్లో గోడకు వేలాడుతున్న ఒక పెద్ద ఎర్రకోటు నా కంటపడింది.

"ఆ కోటు ఎవరిది?"

"మా పెద్ద డ్రమ్ము ఖాదర్‌ది సార్. వద్దు సార్ అది. పెండ్లిలో ఏసుకునే కోటు."

"కోటు కోటే కదప్పా. ప్యాంటు గూడా ఉండాదా?"

"ఉండాది. దానికి ఎర్ర చారలుంటాయి సార్."

ఖాదర్ కొలతలు అచ్చం నావే. వేసుకుని చూస్తే కొలిచి కుట్టించినట్టుంది. భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, ఛాతీ మీద తాళ్లు, ఇత్తడి గుండీలు. అద్దంలో నాకు నేను సైన్యాధిపతిలా కనిపించాను. మస్తాన్ మాత్రం నోరు నొక్కుకుని గోడవైపు తిరిగాడు. దారిలో ఒక చొక్కా కొనుక్కోవచ్చు కదా అంటారేమో, బస్సు చార్జీ కూడా మస్తాన్ ఇచ్చిందే.

బస్సెక్కగానే కండక్టరు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "డ్రమ్ము యాడ పెట్టినావు? లగేజీ టికెట్ తీసుకోవాల."

"డ్రమ్ము ల్యాదప్పా."

"డ్రమ్ము ల్యాకుండా ఏం కొడతావు?"

"నేనేం కొట్టను."

నా పక్కన కూర్చున్న పెద్దావిడ జాలిగా నా భుజం తట్టింది. "కొత్తగా చేరినావేమో నాయనా. నేర్పిస్తార్లే, బాధపడాకు."

ఆళ్లగడ్డలో టీకి బస్సు ఆపారు. నోరెండిపోతోందని దిగడం నా మరో తెలివితక్కువ పని. గ్లాసు చేతికి తీసుకున్నానో లేదో, తెల్లచొక్కా మనిషి ఒకడు వచ్చి నా రెక్క పట్టుకున్నాడు.

"ఏమప్పా, ఇదేనా వచ్చేది? నీకోసరం ఊరేగింపు నిలబడిపోయింది ఆడ! పెండ్లికొడుకు ఎండకు మాడిపోతాండాడు. నడువు!"

"నేను ఆ మనిషిని కాదప్పా."

"కోటు అదే కదా?"

"కోటు నాది కాదు."

"అంటే ఎత్తుకొచ్చినావా?"

ఈ ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా నష్టమే. అంతలో బస్సు హారన్ మోగింది. నేను రెక్క లాక్కుని పరిగెత్తాను. భుజం మీది కుచ్చు ఒకటి ఆయన చేతిలోనే ఉండిపోయింది. ఆ పెళ్లికి డ్రమ్ము దొరికిందో లేదో ఈనాటికీ తెలియదు.

కడపలో ఆటో దిగేసరికి ఎండ తగ్గుతోంది. లారీ ఇంటి ముందే ఉంది. సామాన్లు సగం దిగాయి. బీరువా మెట్ల మధ్యదాకా వెళ్లింది. గేటు దగ్గర కుర్చీలో తెల్ల పంచెతో ఇంటాయన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి చెయ్యి అడ్డంగా ఊపాడు.

"మేళం మేం చెప్పలేదప్పా. పక్క వీధిలో పెండ్లి ఉండాది, ఆడికి పో."

"నమస్కారం సార్. నేను సరళ మొగుణ్ణి."

ఆయన కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. నేను అలాగే ఉన్నాను.

"లెక్కలు రాస్తావని చెప్పిరే?"

"అవును సార్."

"యా లెక్కలప్పా? తాళం లెక్కలా?" అంటూ లేచి నిలబడి లారీ వైపు అరిచాడు. "ఏయ్, ఎవురప్పా ఆడ! సామాన్లు దించొద్దు! పైకి పోయిండేది గూడా కిందికి తేండి!"

హమాలీలు బీరువాతో సహా మెట్ల మీదే ఆగిపోయారు. నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు ఏడుపొచ్చింది. వేసవంతా ఎండలో తిరిగి ఆమె సంపాదించుకున్న ఇల్లు, నా కోటు పిచ్చికి చేజారిపోతోంది. మళ్లీ ఆ హాస్టల్ గదికి ఆమెను ఏ ముఖంతో పంపను?

అరుపులు విని సరళ మేడ దిగి వచ్చింది. నన్ను చూసింది. చాలాసేపు చూసింది. "ఏంది ఇది?" అంది.

నేను ఊపిరి తీసుకోకుండా స్నానం, మేకు, బీరువా, ఖాదర్, ఆళ్లగడ్డ మొత్తం చెప్పేశాను. ఇంటాయన ముక్కు చీదాడు. "తువ్వాలుతో మిగిలిపోయినాడంట! ఏమ్మా, ఇది నమ్మే మాటేనా?"

"సార్," అంది సరళ నిదానంగా, రోగికి మందు వేసే గొంతుతో. "అబద్ధం చెప్పేటోడయితే బస్సు చెడిపోయిందనో, దొంగలు పడినారనో చెప్పుండడా? ఇట్లాంటిది ఎవురన్నా కావాలని కల్పించి చెప్పుకుంటారా? ఇంత సిగ్గుమాలిన మాట నిజమయితేనే కదా సార్, మనిషి నోట్లో నుంచి వచ్చేది?"

ఇంటాయన మెట్ల మీది బీరువా వైపు తిరిగాడు. ఓబులేసు మెట్ల మీదే బీరువా తాళం తీసి, నా ప్యాంటును జెండాలా పైకెత్తి చూపించాడు. "నిజమే సార్! ఇదో బావ ప్యాంటు! బావే ఎత్తమన్యాడు!"

పెద్దాయన ప్యాంటు వైపు చూశాడు. నా భుజం మీద మిగిలిన ఒంటి కుచ్చు వైపు చూశాడు. ముందు పొట్ట కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత బయటపడింది నవ్వు. అబ్బ, ఏం నవ్వు! ఎదురింటివాళ్లు బయటికొచ్చి చూశారు. ఆయన అంత గట్టిగా నవ్వగా ఎన్నడూ వినలేదని తర్వాత వాళ్లే చెప్పారు.

"దించండప్పా, దించండి," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. నేను ప్యాంటు కోసం పరిగెత్తబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "యాడికి పోతావు? టయమైపోతాంది. అట్లే వచ్చి నిలబడు."

అలాగే నిలబడ్డాను, పొయ్యి ముందు, పట్టుచీర కట్టిన సరళ పక్కన. పాల గిన్నె అంచు దగ్గర నురగ లేస్తోంది. గుమ్మంలో నిలబడ్డ ఇంటాయన ఉన్నట్టుండి లోపలికొచ్చి, మా సామాన్లలోంచి ఖాళీ స్టీలు బిందె తీసి నా చంకలో పెట్టాడు. చేతికి గరిటె ఇచ్చాడు.

"ఇదేంది సార్?"

"మేళం మనిషి ఇంట్లో ఉండంగా పాలు ఉత్తగా పొంగిస్తారా? కొట్టు."

సరళ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను భయపడుతూ బిందె మీద మెల్లగా టంగుమనిపించాను.

"అన్నం తిన్యావా లేదా? గట్టిగా కొట్టప్పా!"

"సప్పుడయితాది సార్..."

"నాకే ఇనపడలేదంటాంటే! కొట్టు!"

కొట్టాను. పొద్దున్నుంచీ పడిన అవమానమంతా తీరేలా ఆ బిందెను వాయించాను. ఓబులేసు ఈల వేశాడు. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. సరళ నవ్వి నవ్వి నేల మీద కూర్చుండిపోయింది. వేసవంతా ఆమె ముఖంలో చూడని నవ్వు అది. అది చూసి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. చప్పుడు పనికిరాదన్న ఆ పెద్దమనిషి పక్కనే నిలబడి చప్పట్లతో తాళం వేశాడు. ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాం. ఆయన నన్ను ఎవరికైనా చూపిస్తే "మా పైన డ్రమ్ము సార్" అనే అంటాడు.

కాబట్టి నేను వాయించిన ఆ బిందె సాక్షిగా, చారల ప్యాంటు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. గుమ్మం ముందు సామాన్ల బండి ఉండగా ఇక జన్మలో స్నానం చెయ్యను. కొత్తింటి ముహూర్తానికి కంపు కొడుతూ వెళ్లినా సరే, ఎక్కించే మొదటి సామాను మాత్రం నేనే.