సగం మైనం పూసిన పన్ను

మొన్న చింతకాయ పచ్చడి కాస్త ఎక్కువ తిన్నాను. మిగిలిన నాలుగు పళ్ళూ పులిశాయి. నాలుకతో తడిమితే గరుకు. టీవీలో ఎవడో వారంలో పళ్ళు తెల్లబడతాయని అరుస్తున్నాడు. ఎట్లా తెల్లబడతాయో వాడు చెప్పడు, అడిగేవాడూ లేడు. ఒళ్ళు మండింది. మస్తానన్న గుర్తొచ్చాడు.

పంతొమ్మిది వందల నలభైల్లో ఆయన నరసరావుపేటలో కట్టుడు పళ్ళు చేసేవాడు. వాటికి మెరుగు పెట్టే పని నాది. కానీ కొట్టుకు జనం వచ్చేది ఎక్కువగా గార పోగొట్టుకోవడానికే. నీళ్ళు కలిపిన యాసిడ్‌ను దూదితో రుద్దితే పొగాకు మరక ఇట్టే పోయేది. మా రెండిళ్ళ పొయ్యిలూ వెలిగేది దానివల్లే.

ఒకనాడు ఆయనకు అనుమానం పుట్టి నన్నడిగాడు. "ఒరేయ్ కోటయ్యా, పోయేది గారేనా, పన్ను గూడానా?"

పీకిన గట్టి పన్ను ఒకటి తీసుకుని సగం మైనంతో కప్పాడు. మిగతా సగాన్ని యాసిడ్‌తో పదేపదే రుద్దాడు. ఏటా వచ్చేవాళ్ళకు జరిగేది ఇదేగా అన్నాడు. మైనం ఒలిస్తే కప్పిన సగం నిగనిగలాడింది, రెండోది సుద్దముక్కలా ఉంది. గోటికి మాత్రం ఎత్తుపల్లం తగల్లేదు. ఆయన ఊరుకోలేదు. పొడుగాటి చీపురుపుల్లను ఒక కొస దగ్గర సూదితో చెక్కకు గుచ్చి అటూ ఇటూ ఆడేట్టు చేశాడు. ఆ పక్కనే కట్టిన ఇంకో సూది మొనను పన్నుమీద ఆనించాడు. మొన వెంట్రుకంత దిగినా పుల్ల రెండో కొస గోడమీద బాగా కదులుతుంది. పన్నును మెల్లగా జరిపాడు. మెరిసే సగం దాటగానే పుల్ల కొస వడ్లగింజంత కిందికి జారింది, అంటే యాసిడ్ రుద్దిన పక్క అరిగి పల్లమైందన్నమాట.

బియ్యం ఏరుతున్న ఆయన భార్య బూబమ్మ వదిన తలెత్తింది. "ఆ మెరిసే పక్క ఇంకా మైనం అంటుకునుందేమో చూడయ్యా!"

ఆయన ముఖం వెలిగింది. "అదేనే! మైనమే అయ్యుంటది."

కిరసనాయిలుతో తుడిచాం. పుల్ల కాస్త తక్కువ జారింది. ఆశపడి మళ్ళీ తుడిచాం. అంతే జారింది. ఇంకోసారి తుడిచినా అంతే.

"ఇంక మైనం లేదురా," అన్నాడు.

"మరి గిరాకీ?" అంది వదిన. 

ఆ వారమే సత్తెనపల్లి నుంచి ఒక పెళ్ళికొడుకు వచ్చాడు, చుట్ట మరకలు పోగొట్టమని.

"వద్దు నాయనా. మరకతోపాటు పన్నూ అరిగిపోద్ది."

"మా అన్నకు నువ్వే చేశావుగా! అప్పుడు అరగలా?"

"అరిగే ఉంటది. అప్పుడు నాకు తెలవదు."

పెళ్ళికొడుకు నవ్వి, బజారులో చాప పరుచుకుని అదే పని చేసేవాడి దగ్గరికి పోయాడు. "ఏందన్నా ఇది, ఏం తిని బతకాలి?" అని నేను ఎగిరాను. "పళ్ళు పీకుదాం లేరా," అన్నాడు.

తర్వాత నా అంతట నేనే చదువుకుని చాలామంది పెద్ద చదువులవాళ్ళను చూశాను. తమకు గిట్టని జవాబొస్తే కొలతనే తిట్టినవాళ్ళు ఎక్కువ. వాళ్ళమీద కోపం ఇప్పటికీ చల్లారలేదు. నేను కొలిచినప్పుడూ నాకు గిట్టని జవాబులు వస్తాయి. ఇంకోసారి చూస్తాను. మళ్ళీ అదే వస్తే, ఎదురుగా ఎవరున్నా, అదే చెప్తాను. ఇంట్లో నన్ను మొండివాడంటారు. అననీ.