టీచరమ్మ దిద్దుకున్న పాఠం

కోవిల్‌పట్టిలో నాకు జీవశాస్త్రం చెప్పిన టీచరమ్మ మొన్న మంగళవారం ఉదయం పోయారు. అమ్మ ఫోన్ చేసి, "మన టీచరమ్మ లేదు పాపా" అని చెప్పి పెట్టేసింది. ఆమె దగ్గర నేను రెండేళ్లు చదివాను. అమ్మ విన్నది రెండు పాఠాలే. అయినా "మన" అనే హక్కు నాకంటే అమ్మకే ఎక్కువ.

అమ్మ అగ్గిపెట్టెల కంపెనీలో పెట్టెల్లో పుల్లలు నింపేది. నేను ప్లస్ టూలో ఉండగా ఆమె వేళ్ల కీళ్లు వాచిపోయాయి. రోగాలతో పోరాడాల్సిన కణాలే కీళ్ల మీద తిరగబడ్డాయని విరుదునగర్ డాక్టరు స్టెరాయిడ్ మాత్రలు రాశాడు. వాపు తగ్గింది. అంతలో ఎవరో ఆ మాత్ర ఒళ్లు పాడుచేస్తుందన్నారు. అమ్మ ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా మానేసింది. కొన్నాళ్లకే పనిలో కళ్లు తిరిగి పడిపోయింది.

అమ్మ ఆస్పత్రి నుంచి వచ్చాక టీచరమ్మ మా ఇంటికి వచ్చారు. బడిలో ఎప్పుడూ తమిళమే మాట్లాడే ఆమె, గడప దాటుతూనే మా ఇంటి తెలుగులో అడిగారు.

"ఏం చెల్లీ, మాత్ర ఎందుకు నిలిపితివి?"

"అది ఒంట్లోకి ఉళ్ళ పోయి ఏం చేస్తాదో నాకేం తెల్సు టీచర్? తెలీనిదాన్ని ఎట్ల మింగేది?"

"న్యాయమే" అంటూ టీచరమ్మ నేల మీద కూర్చున్నారు. "ఒంట్లో అన్ని కణాల్లోనూ ఒకే జన్యువులు ఉండాయి. ఏది పని చెయ్యాల, ఏది ఊరికే ఉండాల అని చూసుకునే ప్రోటీన్లు వేరే ఉండాయి. ఈ మాత్ర అట్లాంటి ప్రోటీన్‌ని పట్టుకొని కణం నడుమకి పోతాది. వాపు తెచ్చే జన్యువుల్ని నిలిపేస్తాది. ఇట్లాంటి మందే ఒకటి మన ఒళ్లూ చేసుకుంటాది. మాత్ర వస్తాండాదని ఒళ్లు తనది తగ్గించేసింటాది. నువ్వు టక్కుని మానితే రెండూ లేకపోయె. డాక్టర్ చెప్పినట్ల కొంచెం కొంచెంగా తగ్గించాల."

అమ్మ మళ్లీ మాత్రలు మొదలుపెట్టింది. కొన్ని నెలలకు పనికీ వెళ్లింది. నేను ఆ ప్రోటీన్ల వెంట పడ్డాను. వాటిని ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారని తర్వాత చదువుకున్నాను. రోగనిరోధక కణాల్లో అవి ఏ జన్యువును ఎప్పుడు మేల్కొలుపుతాయో చూడడమే ఇప్పుడు నా పని.

సెలవుల్లో కయత్తారులో ఆమె ఇంటికి వెళితే చేతిలో వేరుశనగల కడలైమిట్టాయి ముక్క పెట్టి, "కొత్తగా ఏం తెలిసింది?" అనేవారు. నేను నీళ్లు నమిలితే ఊరుకునేవారు కాదు. "తెలీకుంటే తెలీదని గట్టిగా చెప్పు. అందులో సిగ్గేమి?"

పోయిన ఏడాది మాటల మధ్యలో చెప్పాను. ఆ మాత్ర కొన్ని జన్యువులను ఆపడమే కాదు, వాపును అణిచే వేరే జన్యువులను లేపుతుంది కూడా అని. ఆమె కళ్లజోడు తీసేశారు.

"అట్లంటే మీ అమ్మకి నేను సగమే చెప్తిని."

ఇంటికెళ్లి అమ్మకు నేను చెబుతానన్నాను. "సగం చెప్పింది నేను. దిద్దేది నువ్వా?" అన్నారు. ఆ ఆదివారమే, మోకాళ్ల నొప్పులతో, బస్సెక్కి మా ఇంటికి వచ్చారు. అమ్మ ఎదురుగా కూర్చుని పాఠం మొత్తం మళ్లీ చెప్పారు.

అమ్మ నవ్వేసింది. "సగానికే లేచి నడిచినాను గదా టీచర్!"

"ఇంక పూర్తిగా తెలుసుకొని నడువు."

జీవితంలో అమ్మను తప్పుపట్టినవాళ్లు చాలామంది. తమ తప్పు ఒప్పుకోవడానికి ఆమె గడప దాకా వచ్చింది టీచరమ్మ ఒక్కరే.

ఆ సాయంత్రం బస్టాండులో ఆమెను కయత్తారు బస్సు ఎక్కించాను. కిటికీ పక్కన సీటు దొరికింది. మిరపకాయల మూట ఒళ్లో పెట్టుకున్న పక్క సీటావిడ ఏదో అడిగింది. టీచరమ్మ అటు తిరిగి, వేలెత్తి, తమిళంలో చెప్పడం మొదలుపెట్టారు. నాకు చెయ్యి ఊపడం మరిచిపోయారు. బస్సు మలుపు తిరిగేదాకా ఆ వేలు ఆడుతూనే ఉంది.