ఎడమమ్మ బోణీ

ఆ పిల్లకు ఎడమమ్మ అని పేరు పెట్టింది వాళ్ల నాయనమ్మ. పాలగ్లాసు దగ్గర్నుంచి బలపం దాకా అన్నీ ఎడమచేత్తోనే అందుకుంటుంటే ఇంకేమని పిలుస్తుంది మరి. ఇంటిల్లిపాదీ నవ్వుకునేవాళ్లు గానీ, వడ్రంగిపని చేసే నాన్నకు మాత్రం ఆ పేరు వింటే ఒళ్లు మండేది. "కుడిచేత్తో పట్టుకో" అని రోజూ చెప్పేవాడు. గోడకు చెప్పినట్టే. ఆ చేత్తోనే ఆమె కత్తెర పట్టింది, ఫ్యాషన్ డిజైన్ కాలేజీలో చేరింది.

చదువు ముగిసే ఏడాది కాలేజీవాళ్లు ఒక ప్రాజెక్టు ఇచ్చారు. పనిచేసుకునే మనిషిని ఒకరిని ఎంచుకుని, వాళ్ల పనికి సరిపోయే బట్ట కుట్టాలి. కుట్టుపని కన్నా ఉద్యోగమే మేలనుకునే నాన్న, సందు దొరికింది కదా అని పందెం కట్టాడు.

"నీ ప్రాజెక్టు చూసి ఒక్కరైనా 'నాకూ ఒకటి కుట్టిపెట్టు' అని అడిగితే ఇంట్లోనే కుట్టుపని పెట్టుకో. అడక్కపోతే పెదనాన్న ఆఫీసులో ఉద్యోగంలో చేరాలి. సరేనా?"

"సరే" అంది, ఏమాత్రం తగ్గకుండా.

వీధి చివర సెలూన్ నడిపే అక్కకు ఏప్రన్ కుట్టడం మొదలుపెట్టింది. ఎంత ముచ్చటగా కుట్టిందనుకున్నారు. కత్తెరకో అర, దువ్వెనకో అర, క్లిప్పులకు బుల్లి జేబు. అక్కకు తీరిక లేదని, ప్రతిసారీ తన ఒంటికే కట్టుకుని అద్దంలో చూసుకుంది. చెయ్యి పెడితే చాలు, దేనికది అందుతోంది. మురిసిపోయింది పిచ్చిపిల్ల.

ప్రదర్శన రోజున హాలు నిండిపోయింది. నాన్న వెనక వరసలో చేతులు కట్టుకు కూర్చున్నాడు. సెలూన్ అక్క ఏప్రన్ కట్టుకుని, కుర్చీలో కూర్చున్న ఒకమ్మాయి జుట్టు కత్తిరించబోయింది. కుడిచెయ్యి కత్తెర కోసం వెళ్లింది. అక్కడ ఏమీ లేదు. ఒళ్లంతా తడుముకుంది. కత్తెర ఎడమవైపు ఉంది, దువ్వెనా అక్కడే ఉంది. తీసేలోగా క్లిప్పులన్నీ కింద రాలాయి. హాలంతా గొల్లుమంది.

"ఎవరికోసం కుట్టావమ్మా ఇది?" అని అడిగింది పరీక్షకు వచ్చిన మేడం.

"ఈ అక్క కోసమేనండీ."

"కాదు, నీకోసం కుట్టుకున్నావు. కుట్టు మాత్రం బాగుంది" అని పాస్ మార్కులు వేసి పక్కకు వెళ్లింది.

ఎడమమ్మకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం దాకా ఒక్కరూ కుట్టిపెట్టమని అడగలేదు. ఇంటికొచ్చి ఏప్రన్‌ను వసారాలో నాన్న పనిబల్ల మీద పడేసి, వంటగదిలో అమ్మ పక్కన కూలబడి ఏడ్చింది.

కాసేపటికి వసారాలో రంపం చప్పుడు ఆగిపోయింది. ఏమైందోనని వెళ్లి చూస్తే, నాన్న ఆ ఏప్రన్ కట్టుకుని నిలబడి ఉన్నాడు. దువ్వెన అరలో పెన్సిలు, క్లిప్పుల జేబులో మేకులు పెట్టుకున్నాడు. ఆయన ఎడమచెయ్యి చూడకుండానే పెన్సిలు తీసింది, చెక్క మీద గీత గీసింది, మళ్లీ పెట్టేసింది. ఆయన అంత తేలిగ్గా గీత గీయడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"నాన్నా, నువ్వూనా?"

"చిన్నప్పుడు బళ్లో మాస్టారు వేళ్ల మీద కొట్టి మాన్పించాడు. నీకా దెబ్బలు పడకూడదనే అంతలా పోరేవాణ్ని" అన్నాడు, ఆమె వంక చూడకుండా. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "ఒక్కరైనా అడిగితే అన్నాను కదా. నేనడుగుతున్నాను. నాకూ ఒకటి కుట్టిపెట్టు. కాస్త పొడుగ్గా."

ఎడమమ్మకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. టేపు తెచ్చి కొలతలు తీసుకుంది. ఈసారి బట్టకు పిన్నులు పెట్టి చూసింది మాత్రం ఆయన ఒంటిమీదే.

ఇప్పుడు ఆ వసారాలోనే ఆమె దుకాణం. ఎడమచేతివాటం ఉన్న వంటవాళ్లు, తోటపనివాళ్లు ఎక్కడెక్కడినుంచో వెతుక్కుంటూ వస్తారు. కుడిచేతివాళ్లకూ కుడుతుంది లెండి, అందులో మొదటిది సెలూన్ అక్కదే. బోర్డు నాన్నే చేసి, అక్షరాలు ఎడమచేత్తో రాశాడు. బళ్లో ఆగిపోయిన చెయ్యి కదా, కాస్త వంకర పోయాయి. దిద్దుతానంటే ఎడమమ్మ ఒప్పుకోలేదు.